బుద్ధికి పొలిమేర ఎక్కడ?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. బుద్ధులు ఎన్ని రకాలో లెక్క తేల్చాలన్న తాపత్రయం వాళ్ళకు లేదు. పుర్రెలు ఎన్నో బుద్ధులూ అన్నే అనుకుని ఊరుకున్నారు. వైద్యశాస్త్రానికి ఊరుకోవడం కుదరదు. ఏదో ఒక పేరు పెడితే గాని మందో మాటో మొదలు కాదు. అందుకని మనిషి స్వభావంలోని వంకరలకు కూడా అది పేర్లు పెడుతూ వచ్చింది. అనుమానపు వ్యక్తిత్వం, నాటకీయ వ్యక్తిత్వం, సంఘవ్యతిరేక వ్యక్తిత్వం - ఇలా పెద్ద జాబితా ఒకటి తయారైంది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పదకొండవ వ్యాధుల వర్గీకరణలో ఆ జాబితాను దాదాపు మొత్తంగా కొట్టేశారు. ఇక మీదట 'వీడు ఏ రకం' అని అడగరట. 'ఏ గుణం ఎంత పాళ్ళలో ఉంది' అని అడుగుతారట.

ఇది వైద్యుల ఇంటి వ్యవహారం, మనకెందుకు అని వదిలెయ్యదగింది కాదని నా అభిప్రాయం. మనిషి స్వభావాన్ని కొలవవచ్చునా, కొలిస్తే 'ఇక్కడి నుంచి జబ్బు' అని గీత ఎవరు గీయాలి, ఆ కొలత ఎవరి చేతిలో ఉండాలి అన్నవి నీతికి సంబంధించిన ప్రశ్నలు. పైగా తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో ఉండే మనబోటి వాళ్ళకు ఈ ప్రశ్నలు వేరే వేషంలో బాగా ఎరుకైనవే. అది తరవాత చెబుతాను.

ముందు పాత పద్ధతి సంగతి. 1835లో ఇంగ్లండు వైద్యుడు జేమ్స్ ప్రిచర్డ్ 'నైతిక ఉన్మాదం' అని ఒక మాట వాడాడు. తెలివితేటలు చెక్కుచెదరకుండా ఉండి, నడవడి, అభిరుచులు మాత్రం చెడిపోయిన వాళ్ళను ఉద్దేశించి అన్న మాట అది. చిక్కంతా ఆ రెండు పదాల్లోనే ఉంది. నీతి తప్పినవాణ్ణి శిక్షిస్తాం. ఉన్మాదం పట్టినవాడి మీద జాలిపడతాం. రెండూ ఒక్కడిలోనే ఉంటే ఏం చెయ్యాలి? దాదాపు రెండు వందల ఏళ్ళయినా ఈ ప్రశ్నకు తృప్తికరమైన జవాబు దొరికిందని నేననుకోను. 1923లో జర్మన్ వైద్యుడు కుర్ట్ ష్నైడర్ కొంచెం తెలివిగా అడిగాడు. తన స్వభావం వల్ల తానైనా బాధపడాలి, లేదా దానివల్ల సమాజమైనా బాధపడాలి. అప్పుడే దాని సంగతి వైద్యుడు చూడాలి అన్నాడు. అలాంటి వాళ్ళను పది రకాలుగా విడదీశాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథం మూడవ కూర్పులో ఇలాంటి రకాలకు లక్షణాల పట్టీలు జోడించింది. 1994 నాటి నాలుగవ కూర్పులో పది రకాలు.

ఈ పట్టీల పద్ధతిలో ఉన్న తమాషా చూడండి. 'సరిహద్దు వ్యక్తిత్వం' అని ఒకటుంది. (పేరు గుర్తుంచుకోండి, మనకు పనికొస్తుంది.) దానికి తొమ్మిది లక్షణాలు. అందులో ఏ అయిదు ఉన్నా ఆ పేరు పెట్టవచ్చు. లెక్క వేస్తే 256 విధాలుగా ఒక మనిషి ఆ గదిలోకి చేరవచ్చు. ఒకే పేరు మోసే ఇద్దరికి కలిసే లక్షణం ఒక్కటే కావచ్చు. చాదస్తపు వ్యక్తిత్వానికి ఎనిమిదిలో నాలుగు చాలు కాబట్టి, ఇద్దరు చాదస్తుల మధ్య ఒక్క పోలికా లేకపోవచ్చు! నాలుగు లక్షణాలున్న వాడికి సరిహద్దు రోగం లేదు, అయిదోది కనబడగానే ఉంది. వెఱ్ఱి వెయ్యివిధాలు అని మనవాళ్ళు అన్నదాన్ని పది పెట్టెల్లో కుక్కబోతే ఇలాగే ఉంటుంది.

గిరీశాన్ని తీసుకోండి. గొప్పలు చెప్పుకోవడంలో ఆత్మారాధకుల గదిలోకి వెళ్తాడు. అప్పు ఎగ్గొట్టి, మాట తప్పి, ఆ ఊసే లేకుండా తిరగడంలో సంఘవ్యతిరేకుల గదిలోకి వస్తాడు. నలుగురూ తననే చూడాలన్న తహతహలో నాటకీయుల గది తలుపు కూడా తడతాడు. పాత లెక్క ప్రకారం గిరీశానికి మూడు జబ్బులు. గురజాడ మాత్రం ముగ్గుర్ని కాదు, ఒక్కణ్ణే సృష్టించాడు.

కొత్త పద్ధతిలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, ఇబ్బంది ఎంత తీవ్రం అని. తానెవరో, తన విలువేమిటో, తనకేం కావాలో మనిషికి తెలుస్తోందా? ఇతరులతో పొత్తు నిలబెట్టుకోగలడా? ఎదుటివాడి వైపు నుంచి ఆలోచించగలడా? తగవు వస్తే తట్టుకోగలడా? ఇవన్నీ రెండేళ్ళో అంతకు మించో చెడి ఉంటే, ఎంత చెడ్డాయన్నదాన్ని బట్టి స్వల్పం, మధ్యమం, తీవ్రం అంటారు. స్వల్పానికి కింద 'వ్యక్తిత్వపు ఇబ్బంది' అని ఇంకో మెట్టు ఉంది. అది జబ్బు కాదని ఆ గ్రంథమే చెబుతుంది. రెండవ ప్రశ్న, స్వభావం ఏ వైపుకు ఒరిగింది అని. దానికి అయిదు దిక్కులు చెప్పారు. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగనివి గాని, మన మాటల్లో చెప్పుకుంటే ఏ అరుగు మీదైనా అర్థమయ్యేవే. బెంగ, భయం, ఉక్రోషం ఇట్టే పొంగుకు రావడం ఒకటి. ఒంటికాయ సొంటికొమ్ములా నలుగురికీ ఎడంగా ఉండటం రెండు. ఎదుటివాడి కష్టం మనసుకు పట్టకపోవడం మూడు. ముందు వెనకలు చూడని దూకుడు నాలుగు. అయిదోదాన్ని గ్రీకు మాట పుచ్చుకుని అనంకాస్టియా అన్నారు, మన చాదస్తమే. అన్నీ తూచినట్టు ఉండాలి, లేకపోతే నిద్రపట్టదు. పాత పేర్లలో ఒక్క 'సరిహద్దు' మాత్రం, చికిత్స చేసేవాళ్ళు పట్టుబట్టడం వల్ల, ఒక అదనపు గుర్తుగా మిగిలింది.

అమెరికా వాళ్ళు 2013లో తమ అయిదవ కూర్పులో ఇలాంటి పద్ధతినే తయారుచేసి, తీరా ధైర్యం చాలక, పుస్తకం వెనక భాగంలో పెట్టారు. కొత్త దేవుణ్ణి తెచ్చి గర్భగుడిలో చోటివ్వక వెనక మండపంలో కూర్చోబెట్టినట్టు. ఆ దేవుడికి 220 ప్రశ్నల అర్చన ఉంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకుంటూ పోతే, 25 గుణాల పాళ్ళు తేలతాయి.

బడిపంతులుగా మార్కులు వేస్తూ బతికినవాణ్ణి కనుక, ఈ మార్కుల వ్యవహారం మీద నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు. ఆ ఒక్క మార్కు తేడాలో తెలివి ఉందని ఏ పంతులూ నమ్మడు. అయినా గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు, లేకపోతే పై తరగతికి ఎవర్ని పంపాలో తేలదు. గీత అవసరం మనది, పిల్లవాడి బుర్రలో అది లేదు. ఈ సంగతి గుర్తున్న పంతులు 34 వచ్చిన పిల్లవాణ్ణి ఒకలాగా చూస్తాడు, మరిచినవాడు మరొకలాగా చూస్తాడు. తేడా మార్కుల్లో లేదు, చూసే తీరులో ఉంది.

ఇదే సంగతి మన నేలకూ వర్తిస్తుంది. ఇందాక వేరే వేషం అన్నది ఇదే. తిరుత్తణిలో ఒక పాత ఇంటిని ఊహించుకోండి. 1911కు ముందు అది ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వచ్చి చెంగల్పట్టు జిల్లా ఇల్లయింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా పుడితే దాని కిందికి చేరింది. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. 1960 నాటి గీత పటాస్కర్ గారి తీర్పు ప్రకారం గీసింది. ఊరిని కొలతగా తీసుకుని, ఆ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువో చూసి, ఒకదానికొకటి ఆనుకున్న ఊళ్ళను కలుపుతూ పోయారు. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఊళ్ళు ఇటు వచ్చాయి. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల నుంచి కొన్ని ఊళ్ళు అటు వెళ్ళాయి. ఆ గీత న్యాయమా అన్యాయమా అన్న పాత తగువు ఇక్కడ నాకు అక్కర్లేదు. గీత లేకుండా పరిపాలన సాగదు, ఒప్పుకుంటాను. కాని మన ప్రాంతంలో పుట్టినవాడెవడూ ఆ గీత దగ్గర తెలుగు ఆగిపోయి అరవం మొదలవుతుందని నమ్మడు. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, కొండ మీద మురుగన్ ముందు రెండూ. పాళ్ళు ఊరూరికీ మారతాయి, ఒకే ఇంట్లో అవ్వకూ మనవడికీ కూడా మారతాయి. జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడు మాతృభాష అన్న గడిలో ఒక్క పేరే రాసుకుని వెళ్తాడు.

భాష విషయంలో పాళ్ళు ఉంటాయని ఇంత సులువుగా ఒప్పుకునే మనమే, మనిషి స్వభావం దగ్గరికి వచ్చేసరికి పెట్టెలు వెతుకుతాం. 'వాడి రకమే అంత' అనేస్తాం.

ఈ తగువు మనకు కొత్తదేమీ కాదు. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం తీసి చూడండి. సత్త్వం, రజస్సు, తమస్సు ప్రతి మనిషిలోనూ ఉన్నవే. ఒకప్పుడు ఒకటి పైచేయి అవుతుంది, ఒకప్పుడు ఇంకొకటి. ఇది అచ్చంగా పాళ్ళ లెక్క. రెండు అధ్యాయాలు దాటి పదహారోది తీయండి. అక్కడ దైవీ సంపద కలవాళ్ళు, ఆసురీ సంపద కలవాళ్ళు అని జనం రెండు కుప్పలు. ఒకే గ్రంథంలో కొలతా ఉంది, కుప్పా ఉంది. తిరుత్తణిలో పుట్టి, 1948లో గీతకు ఇంగ్లీషు వ్యాఖ్యానం వెలువరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని మన ఊరివాడని తలుచుకుంటూ ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివితే, నాకు పద్నాలుగోదే ఎక్కువ నిజమనిపిస్తుంది. అది చదివినవాడు ముందు తనను తాను చూసుకుంటాడు. పదహారోది చదివినవాడు పక్కింటివాణ్ణి చూస్తాడు. చరకసంహితలో కూడా సాత్త్వికులు ఏడు, రాజసులు ఆరు, తామసులు మూడు, వెరసి పదహారు రకాల మనసులు చెప్పారు. లెక్కపెట్టే సరదా అన్ని కాలాల వైద్యులకూ ఉన్నట్టుంది.

కుప్పలుగా పోయడం సరదాతో ఆగదని కూడా మన చరిత్రకు తెలుసు. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాల్లో పుట్టిన పసిబిడ్డ స్వభావం పుట్టకముందే కాగితం మీద రాసి ఉంది. 1913లో గుంటూరు సీమలో వెలసిన స్టూవర్టుపురం అలాంటివాళ్ళ కోసం కట్టిన ఊరే. 1952లో చట్టం పోయినా ఆ ఊరి పేరుకు అంటిన మచ్చ అంత తొందరగా పోలేదు. ఇక్కడ ఎవరినీ కొలిచింది లేదు. పెట్టెలో వేసి మూత పెట్టారు, అంతే.

ఒక్క మనిషికి అంటిన పేరు కూడా అలాగే పట్టుకుంటుంది. తిరుత్తణి పక్క పల్లెలో మాకు దూరపు బంధువుల అమ్మాయి ఒకతె ఉంది. పంతొమ్మిదో ఏట ఇంట్లో గొడవలై, తనకు తాను హాని చేసుకోబోతే, పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఆ సరిహద్దు వ్యక్తిత్వం పేరు రాశారు. నాలుగేళ్ళ తరవాత పెళ్ళి సంబంధం ఖాయమయ్యే సమయానికి ఆ కాగితం ఎవరి చేతిలోనో పడి సంబంధం తప్పిపోయింది. వాళ్ళమ్మ అది పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అన్నా, నువ్వు చదువుకున్నోడివి, చెప్పు. దీంట్లో రాసుండేది నా బిడ్డకొచ్చిన జబ్బునా, నా బిడ్డనేనా?" అని అడిగింది.

అంతకంటే సూటిగా ఈ ప్రశ్నను అడిగినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. జ్వరం వచ్చింది అంటే జ్వరం వేరు, మనిషి వేరు. జ్వరం పోతే మనిషి మిగులుతుంది. 'నీ వ్యక్తిత్వమే జబ్బు' అంటే ఇక మిగిలేదేమిటి? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన సామెత ఒకటి పక్కన సిద్ధంగా ఉండనే ఉంది. వైద్యగ్రంథాలు కూడా చాలాకాలం ఇంచుమించు అదే మాట అన్నాయి, స్వభావ దోషాలు మారవని. ఆ సామెత ఎంతవరకు నిజమో బోస్టన్ దగ్గర మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని అనే ఆమె ఓపిగ్గా చూసింది. ఈ సరిహద్దు పేరే పడ్డ 290 మందిని ఏళ్ళ తరబడి వెంబడించి, పదేళ్ళ ఫలితాలు 2010లో ప్రకటించింది. నూటికి 93 మందికి కనీసం రెండేళ్ళ పాటు ఆ రోగలక్షణాలు సరిపడా లేకుండా పోయాయి. అయితే ఉద్యోగం, స్నేహాలు, సంసారం అన్నీ చక్కబడినవాళ్ళు సగం మందే. లక్షణం తగ్గడం వేరు, బతుకు కుదురుకోవడం వేరు. మా బంధువుల పిల్ల విషయంలో నేను చూసిందీ అదే. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. కోపం ఇప్పటికీ తొందరగానే వస్తుంది, తొందరగానే పోతుంది. పాళ్ళ పద్ధతిలో రాసి ఉంటే ఆ కాగితంలో 'ఇప్పటికి మధ్యమం, భావోద్వేగం ఎక్కువ, దూకుడు ఎక్కువ' అని ఉండేది. 'ఇప్పటికి' అన్న ఒక్క మాటకు చోటున్నందుకే నేను కొత్త పద్ధతి వైపు మొగ్గుతాను. అంకె మారవచ్చునని చూసే ఎవరికైనా తెలుస్తుంది. పేరు చూస్తే అలా తోచదు.

అలాగని దీనికి నెత్తిన కిరీటం పెట్టబోవడం లేదు. పెట్టెల పద్ధతిలో ఒక సుఖం ఉంది. పెట్టె బయట ఉన్నవాణ్ణి ఎవరూ పలకరించరు. పాళ్ళ పద్ధతిలో బయట అంటూ లేదు. ప్రతివాడికీ ఏదో ఒక మార్కు పడుతుంది. 'వ్యక్తిత్వపు ఇబ్బంది' జబ్బు కాదని గ్రంథంలో రాయవచ్చు. ఉద్యోగం ఇచ్చే యజమానికీ, పెళ్ళిళ్ళ పేరయ్యకూ ఆ గ్రంథం చదివే తీరిక ఉంటుందా? అత్తకు ఎదురు చెప్పే కోడలికి 'ఎదుటివాడితో పొత్తు నిలపలేనితనం' అని మార్కు పడదన్న హామీ ఏమిటి? మారు మాట్లాడకుండా పడివున్న కోడలికి సున్నా వేసి ఆరోగ్యవంతురాలు అంటామా? తాను బాధపడాలి లేదా సమాజం బాధపడాలి అన్న ష్నైడర్ మాటలో రెండో సగం ఎప్పుడూ ప్రమాదకరమైనదే. సమాజం చాలా చిన్న విషయాలకు బాధపడుతుంది. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం ఈ ప్రమాదాన్ని పసిగట్టింది. సంఘంలో చెలామణిలో ఉన్న నీతులకూ నమ్మకాలకూ లొంగనంత మాత్రాన మనిషికి మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదనీ, గతంలో చికిత్స పొందినంత మాత్రాన ఇప్పుడూ రోగి అనకూడదనీ మూడవ సెక్షన్‌లో రాశారు. చికిత్సకు నేరుగా సంబంధం లేని పనికి ఎవరి మీదా ఆ ముద్ర వెయ్యకూడదని కూడా ఉంది. కొలిచిన అంకె కొలిపించుకున్నవాడి సొత్తు అన్నమాట. పెళ్ళి సంబంధాలు మాట్లాడేవాళ్ళు దీన్ని ఖాతరు చేస్తారని కాదు. అయినా అడిగే హక్కు ఉందని తెలియడం మంచిది.

ఇంకొకటి. ఈ గుణాల లెక్క అసలు నిఘంటువుల్లోంచి పుట్టింది. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు వడబోసి, మనిషికీ మనిషికీ తేడా చెప్పే మాటలు 17,953 పోగుచేశారు. ఒక జాతికి పట్టింపు ఉన్న తేడాలన్నీ ఆ భాషలో మాటలై ఉంటాయన్నది నమ్మకం. మంచి నమ్మకమే. కాని అది ఇంగ్లీషువాడి పట్టింపుల పట్టిక. 2013లో హిందీ మాటలతో ఇలాగే లెక్కవేసిన ఒక పరిశోధనలో అయిదు గుంపులు తేలలేదు, సత్త్వ రజస్తమస్సులను పోలిన మూడు గుంపులు తేలాయి. మన మాటలు వడబోస్తే ఏం తేలుతుందో! అభిమానం, పౌరుషం, మొహమాటం, ఉక్రోషం - వీటికి ఇంగ్లీషు ప్రశ్నాపత్రంలో గడులు ఎక్కడున్నాయి? మొహమాటం ఎక్కువైనవాణ్ణి ముభావి అంటే, మన ఊళ్ళో సగం మంది ముభావులే అవుతారు.

ఇక్కడ మన బాధ మరీ ప్రత్యేకం. 2006లో తమిళ బోధన చట్టం వచ్చాక మన పిల్లలకు తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని తరం తయారవుతోంది. అటువంటి పిల్ల తిరువళ్ళూరులో ఒక సైకాలజిస్టు ముందు కూర్చుందనుకోండి. తెలుగు ప్రశ్నాపత్రం ఇస్తే చదవలేదు. తమిళపుది ఇస్తే చదువుతుంది, కాని అమ్మ తిట్టిన తిట్టూ నాన్న పెట్టిన బాధా ఆమె లోపల తెలుగులో ఉన్నాయి. అడిగేవారు నోటితో, ఆమె ఇంటి తెలుగులో అడగాలి. అందుకు 220 ప్రశ్నల కాగితం కంటే ఎక్కువ సమయం పడుతుంది, రోగుల వరసేమో వరండా దాకా ఉంటుంది. "కోపం వస్తుందా?" అని అడిగితే ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "కోపం కాదు సార్, ఉక్రోషం" అంటే, ఆ సారు సున్నా నుంచి మూడు దాకా ఎంత వేసుకోవాలి?